1666 లండన్ అగ్నిప్రమాదం: నగరానికి మేలు చేసిందంటే ఒప్పుకుంటారా?

చదువరి72:
ఎవరిని కదిపినా ఇదే మాట. 1666లో లండన్ కాలిపోవడం ఒకరకంగా మంచికే జరిగిందట, ప్లేగు పోయిందట, చెక్క ఇళ్లు పోయి ఇటుక ఇళ్లు వచ్చాయట. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: సెప్టెంబర్ 2, ఆదివారం ఇంకా తెల్లవారకముందే పుడ్డింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ అనే ఆయన బేకరీలో నిప్పంటుకుంది. వేసవంతా వానల్లేక ఎండిపోయిన ఊరు, పైగా తూర్పు గాలి, నాలుగు రోజులు ఆరలేదు. 13,200 ఇళ్లు, 87 చర్చిలు, పాత సెయింట్ పాల్స్ కెథడ్రల్ బూడిదయ్యాయి. ఇంత నష్టాన్ని పట్టుకుని మేలు అనడం నాకు మింగుడుపడట్లేదు. మీరేమంటారు?

మేస్త్రి:
నేనైతే మేలే అంటాను, తిట్టుకోండి. ఆ ఇళ్లు ఎలా ఉండేవో చూడండి, పై అంతస్తు కింది అంతస్తుకన్నా ముందుకు, దానిపైది ఇంకా ముందుకు, సందుకి ఆ పక్కా ఈ పక్కా పైకప్పులు దాదాపు ముద్దుపెట్టుకునేవి. ఇటుకతో కట్టండిరా బాబూ అని జేమ్స్ రాజు చెప్పాడు, ఆయన కొడుకు మొదటి చార్లెస్ చెప్పాడు, ఎవడూ వినలేదు. కాలిపోయాకే 1667 చట్టం వచ్చింది, బయటి గోడలు ఇటుక లేదా రాయి, ఏ వీధిలో ఎన్ని అంతస్తులో కూడా రాసి పెట్టారు. రాజుల వల్ల కానిది నాలుగు రోజుల మంట చేసింది. ఇక ప్లేగు, 1665లో లెక్కకెక్కిన చావులే 68 వేల పైచిలుకు. మంట తర్వాత అలాంటిది మళ్లీ వచ్చిందా? రాలేదు. ఇంకేం కావాలి?

పాతకాగితం:
మేస్త్రి గారూ, ప్లేగు ముచ్చట దయచేసి వదిలేయండి. మంట కాల్చింది ఎక్కువగా ప్రాకారం లోపలి సిటీని, అంటే వర్తకులు, గిల్డులు అనే వృత్తి సంఘాలు ఉండే భాగాన్ని. ప్లేగు అందరికన్నా ఘోరంగా ఊడ్చేసింది గోడ బయటి పేదల పేటల్ని: సెయింట్ గైల్స్, వైట్‌చాపెల్, స్టెప్నీ, నది అవతల సదర్క్. వాటికి నిప్పు సెగ కూడా తగల్లేదు. రోగం ఉన్న చోటు కాలకుండా, కాలిన చోటు వల్ల రోగం ఎలా పోతుంది? అసలు 1666 సెప్టెంబర్ నాటికే ప్లేగు బాగా తగ్గిపోయింది. నిప్పంటుకోని ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడా ఆ దశాబ్దంతోనే పెద్ద ప్లేగులు ఆగాయి, దానికేం చెబుతారు? స్కూల్లో చెప్పారని ఇన్నేళ్లూ నేనూ నమ్మాను లెండి.

మేస్త్రి:
సరే, ప్లేగు వెనక్కి తీసుకుంటున్నా. ఇటుక మాత్రం తీసుకోను.

కొలిమి:
మేలు అనేవాళ్లు ముందు రాబర్ట్ హ్యూబర్ట్‌కి సమాధానం చెప్పాలి. ఫ్రాన్స్ నుంచి వచ్చిన గడియారాల పనివాడు, మతి అంత స్థిమితంగా లేనివాడు, నేనే నిప్పు పెట్టానని ఒప్పుకున్నాడు. విచారణలో కూర్చున్నవాళ్లకే నమ్మకం కుదరలేదు, అయినా అక్టోబర్‌లో ఉరితీశారు. అతన్ని తీసుకొచ్చిన ఓడ లండన్ చేరిందే మంట మొదలయ్యాక రెండు రోజులకని తర్వాత తేలింది. అతని మీద నేరారోపణ పత్రంలో సంతకాలు పెట్టినవాళ్లలో ఎవరున్నారో తెలుసా, ఆ బేకరీ ఫారినర్ కుటుంబమే! నింద తన పొయ్యి మీదికి రాకుండా చూసుకున్నాడు. 202 అడుగుల స్మారక స్తంభం కట్టి, 1681లో దానిమీద ఇదంతా క్యాథలిక్కుల పని అని చెక్కించారు, మధ్యలో ఒకసారి చెరిపేసి మళ్లీ చెక్కి, చివరికి 1830లో తీసేశారు. నూట యాభై ఏళ్లు రాతిమీద అబద్ధం. దీన్ని కూడా లాభాల ఖాతాలో వేద్దామా?

చదువరి72:
ఇది నాకు తెలియదు. సరే గానీ, తిరిగి కట్టడానికి డబ్బెవరు పెట్టారు? అప్పటికి ఇన్సూరెన్స్ లేదు కదా.

పాతకాగితం:
లేదు, నికొలస్ బార్బన్ ఇళ్ల బీమా ఆఫీసు తెరిచింది 1680ల మొదట్లో. అసలు కథంతా ఇక్కడే ఉంది, ఎవరూ చెప్పరు. చాలామంది ఉన్నది లీజు ఇళ్లలో. ఆ లీజు పత్రాల్లో ఏముండేదంటే, ఇల్లు పాడైతే బాగుచేయించాల్సింది అద్దెకున్నవాడే, ఈలోగా అద్దె కూడా కట్టాలి. అంటే ఇల్లు బూడిదైంది, సామాను పోయింది, పిల్లాపాపలతో మూర్‌ఫీల్డ్స్ మైదానంలో గుడారం కింద పడుకున్నాడు, కానీ కాగితం ప్రకారం లేని ఇంటికి అద్దె కట్టాలి, సొంత డబ్బుతో యజమానికి ఇల్లు కట్టించాలి. మామూలు కోర్టులకు వెళ్తే తరాలు గడిచిపోయేవి. అందుకని 1667లో ఫైర్ కోర్టు అని ప్రత్యేకంగా పెట్టారు, లాయర్ల భవనం క్లిఫర్డ్స్ ఇన్‌లో కూర్చునేవాళ్లు, జడ్జిలు ఫీజు తీసుకోలేదు. ఎవరు కట్టగలరో చూసి, కట్టేవాడికి అద్దె తగ్గించి లీజు ఏళ్లు పెంచేవాళ్లు, అంతే, ఎంత తేలిక! నగరం వాళ్లు సంతోషించి ఆ జడ్జిల నిలువెత్తు చిత్రాలు గీయించి నగర పాలక భవనం గిల్డ్‌హాల్‌లో వేలాడదీశారు. ఇక చర్చిలకు, ప్రజా భవనాలకు డబ్బు బొగ్గు పన్ను నుంచి వచ్చింది, రేవులో దిగే టన్నుకు ఒక షిల్లింగ్, 1670లో మూడు. చలికి బొగ్గు కాల్చే పేదవాడు కూడా కట్టినట్టే కదా. కాబట్టి ఊరు లేచింది ఈ కోర్టు వల్ల, ఈ పన్ను వల్ల. మంటకి ఆ పేరెందుకు ఇవ్వాలి?

మేస్త్రి:
మంట లేకపోతే ఆ కోర్టు ఉండేదా? అది చెప్పండి ముందు.

పైగా మీ కోర్టు మీద నాకు వేరే కోపం ఉంది. మంట ఆరిన కొద్ది రోజులకే వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్, రచయిత జాన్ ఎవ్లిన్ అప్పటి రాజు రెండో చార్లెస్ ముందు ప్లాన్లు పెట్టారు, తిన్నని వెడల్పాటి దారులు, పెద్ద కూడళ్లు. ఒక్కటీ జరగలేదు. ఎవడి స్థలం వాడిది, గజం కదిలించనివ్వలేదు. రాబర్ట్ హుక్ లాంటి సైంటిస్టు చేత బూడిదలో మేకులు పాతించి పాత హద్దులే మళ్లీ కొలిపించారు. కింగ్ స్ట్రీట్, క్వీన్ స్ట్రీట్ లాంటివి ఒకటి రెండు కొత్తవి, కొన్ని వీధుల వెడల్పు, మిగతాదంతా మధ్యయుగాల గజిబిజే. ఇంత ఖాళీ స్థలం దొరికినా వాడుకోలేకపోయారని నాకు ఒళ్లుమండుతుంది.

పాతకాగితం:
ఖాళీ స్థలమా! పటం మీద ఖాళీ. ఒక్కో ముక్కకీ యజమాని, కింద లీజుదారు, వాడి కింద ఇంకో అద్దెదారు. ప్లాను అమలు చేయాలంటే ముందు వాళ్లందరికీ పరిహారం ఇవ్వాలి, రాజు దగ్గర అంత డబ్బెక్కడిది?

కొలిమి:
పరిహారం అంటే గుర్తొచ్చింది. మొదటి రాత్రి మేయర్ బ్లడ్‌వర్త్ చేసిందీ ఇదే. పక్క ఇళ్లు కూలగొడితే మంట ఆగుతుంది, కానీ యజమానుల అనుమతి లేకుండా కూలిస్తే ఖర్చెవరిమీద పడుతుందో అని వెనకాడాడు, ఆడమనిషి ఉచ్చపోసినా ఆరిపోతుందని అని వెళ్లి పడుకున్నాడట. తర్వాత నౌకాదళ ఆఫీసులో పనిచేసే శామ్యూల్ పెపీస్ వెళ్లి రాజుకి చెప్పి కూల్చమనే ఆజ్ఞ తెచ్చేసరికి ఆలస్యమైంది, చివర్లో మందుగుండు పెట్టి ఇళ్లు పేల్చాల్సి వచ్చింది. మేస్త్రి గారు ఎటూ ఇళ్లు పోవడమే మంచిదంటున్నారు కాబట్టి బ్లడ్‌వర్త్‌కి కూడా ఒక విగ్రహం పెట్టిద్దాం.

మేస్త్రి:
వెటకారం బాగుంది. కానీ ఇటుక ఇటుకే.

చదువరి72:
ఒక్క అనుమానం తీర్చండి. కాలిన ఇళ్లన్నీ మళ్లీ కట్టారా, అందరూ తిరిగొచ్చారా?

పాతకాగితం:
అన్నీ కట్టలేదు, చాలా తగ్గాయి, కట్టినవాటిలో కూడా మనుషులు లేక కొన్నేళ్లు ఖాళీగా పడున్నవి వేలల్లో. శివార్లలో అద్దె తక్కువ, గిల్డుల పెత్తనం తక్కువ, వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. 87 చర్చిల్లో రెన్ కట్టినవి 51. వెళ్లిపోయినవాళ్లు కట్టుకున్న శివారు ఇళ్లకి మేస్త్రి గారి ఇటుక చట్టం వర్తించలేదు, అది సిటీకి మాత్రమే.

మేస్త్రి:
ఇది ముందే చెప్పొచ్చు కదండీ.