అప్‌డేట్: విజర్డ్ ముందు ఫైటర్ తేలిపోతున్నాడని అడిగాను కదా

గుర్తులేనివాళ్లకి: నేను నడిపే డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేస్తూ పాత్రలుగా ఆడే ఆట) ఐదో ఎడిషన్ ఆటలో విజర్డ్ (మంత్రగాడు) 5వ లెవెల్‌కి రాగానే ఫైర్‌బాల్ అనే అగ్ని మంత్రంతో పోరాటాలు ముగించేస్తున్నాడు, ఫైటర్ (యోధుడు) ఆడే అతను ఫోన్ చూసుకుంటున్నాడు, ఫైర్‌బాల్ డ్యామేజ్ తగ్గించనా అని అడిగాను.

తగ్గించలేదు. "ఆటలో రోజుకి ఎన్ని పోరాటాలు పెడుతున్నావ్?" అని మీలో ఒకరు అడిగారు చూడండి, తప్పంతా అక్కడే ఉంది. ఒక్కటే పెడుతున్నా! 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్ (ఆట నడిపేవాళ్ల పుస్తకం) లెక్క 6 నుంచి 8. ఫైటర్ యాక్షన్ సర్జ్ (ఒకే టర్న్‌లో ఇంకో యాక్షన్ ఇచ్చే శక్తి) గంట షార్ట్ రెస్ట్‌తో, అంటే చిన్న విశ్రాంతితో, తిరిగొస్తుంది. విజర్డ్ స్పెల్ స్లాట్లు (మంత్రాలు వేయడానికి ఉండే కోటా) చాలావరకు లాంగ్ రెస్ట్ (రాత్రి పూర్తి విశ్రాంతి) దాకా రావు. అంటే విజర్డ్‌ని నేనే నెత్తినెక్కించుకున్నానన్నమాట.

మొన్న ఒకే కోటలో 5 పోరాటాలు, మధ్యలో 2 షార్ట్ రెస్టులు. మొదటి గదిలోనే అలవాటుగా ఫైర్‌బాల్, 8 పాచికలు గలగలా. నాలుగో గదికొచ్చేసరికి దానికి స్లాటే లేదు. చివర్లో ఫైటర్ యాక్షన్ సర్జ్ వాడి, ఒకే టర్న్‌లో 4 వేట్లు వేసి నాయకుణ్ణి పడగొట్టాడు. ఫోన్ బ్యాగులోంచి బయటికే రాలేదు.

ప్రయాణాల్లో మాత్రం ఇన్ని పోరాటాలు ఇరికించలేం. అందుకే షార్ట్ రెస్ట్ 8 గంటలు, లాంగ్ రెస్ట్ 7 రోజులు అయ్యే ఐచ్ఛిక రూల్ పెడదామన్నా. విజర్డ్ అప్పుడే గొణుగుతున్నాడు.