సాడ్ అంటే మొదట కడుపు నిండటమే

మా అమ్మాయి హోంవర్క్‌లో ‘సాడ్’కు తెలుగు మాట రాయమన్నారు. ‘విచారంగా’ అని చెప్పేశాను. పక్కనే చాటలో కందులు చెరుగుతున్న మా అమ్మ, "విచారమేంది, రంది అని రాయరాదూ" అంది. రంది అంటే మా తెలంగాణ మాటల్లో దిగులు, బెంగ. ఆ రాత్రి నాకూ ఆ మాట మీదే రంది.

శాడిస్ట్ అనే మాట ‘సాడ్’ నుంచే వచ్చిందని మొన్న ఒకరు రాశారు. కాదండీ. అది మార్కీ ద సాడ్ అనే ఫ్రెంచి రచయిత (1740–1814) పేరు మీద పుట్టింది. దుఃఖంతో దానికి చుట్టరికం లేదు.

పాత ఇంగ్లీషులో సాడ్ అంటే కడుపు నిండిన అని అర్థం. జర్మన్‌లో ‘జాట్’కు ఇప్పటికీ అదే అర్థం. తిన్నకొద్దీ ఒళ్లు బరువెక్కుతుంది కదా, ఈ మాటా అట్లాగే బరువు, నిబ్బరం, గంభీరం మీదుగా నడిచి దుఃఖం దాకా వచ్చింది. పొయ్యి మీద వేడిచేసి బట్టలు రుద్దే ఇనుప ఇస్త్రీ పెట్టె ‘సాడ్ ఐరన్’. అంటే ఏడ్చే పెట్టె కాదు, బోలు లేని గట్టి ఇనుము. (బొగ్గులు పోసే మన ఇస్త్రీ పెట్టెకు ఈ పేరు చెల్లదు.)

మనకిది వింతేం కాదు. తీపి ఎక్కువైతే మొహం మొత్తుతుంది, తర్వాత అదే మాట ఉద్యోగం మీదా వాడుతాం.

అయినా రందికి సాడ్ సరిపోదు. మ్యాచ్ ఓడినా సాడే, ఐస్‌క్రీమ్ కిందపడినా సాడే. రంది వెనక ఒక మనిషో అప్పో ఉంటుంది. పాలమూరు నుంచి బొంబాయి పనికి పోయిన కొడుకు ఫోన్ ఎత్తకపోతే తల్లికి పట్టేది రంది. వాడు మాట్లాడితే పోతుంది. పోకుండా లోపలే గూడుకట్టి మంచాన పడేస్తే అది మనాది. మనోవ్యాధి మన నోళ్లలో అరిగి అట్లయింది.

అసలు తేడా వ్యాకరణంలో ఉంది. ఇంగ్లీషులో మనిషే సాడ్ అవుతాడు. మన దగ్గర రంది ఎక్కడినుంచో వచ్చి మనిషిని పట్టుకుంటుంది, లేదా మనిషే దాన్ని పెట్టుకుంటాడు. అందుకే "రంది పెట్టుకోకు బిడ్డా" అనగలుగుతాం.

అమ్మాయి చివరకు ‘రందిగా’ అని రాసింది. టీచర్ దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టి పంపారు. దేవరకొండ, మిర్యాలగూడ వైపు వాళ్లు చెప్పండి, మీ ఇళ్లలో "రందిగా ఉంది" అంటారా, "రందైతుంది" అంటారా?