ఆశా పోస్టుకు ఎంపికలో చదువు కాక ఇంకేం చూస్తారు?

పల్లెకోడలు:
మా ఊళ్లో ఆశా పోస్టు ఖాళీ అయింది. నాకు 29 ఏళ్లు, పది పాసయ్యాను, పెళ్లయి ఈ ఊరొచ్చాను. దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాను. ఇప్పటినుంచే ఏం నేర్చుకుంటే మంచిది?

ఏఎన్ఎం అక్క:
ఊళ్లోనే ఉండే మహిళ కావాలి. వివాహితలు, వితంతువులు, విడాకులు పొందినవాళ్లలో 25–45 ఏళ్లవాళ్లకు ప్రాధాన్యం. ఆధార్‌లో ఇంకా పుట్టింటి చిరునామా ఉంటే ముందు మార్పించుకోండమ్మా, స్థానికత దగ్గరే పేచీ వస్తుంది.
ఆ తర్వాత నేనైతే చూసేది ఒక్కటే: అన్ని వాడల గడపలూ తొక్కగలరా? సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా. సొంత కులంవాళ్ల ఇళ్లకే తిరిగే మనిషిని పెడితే ఊరి చివర కాలనీలో పిల్లలకు టీకాలు తప్పిపోతాయి. ఏ వాడలో ఎవరు గర్భిణులో, ఎవరికి చంటిబిడ్డలున్నారో ఇప్పుడే తెలుసుకోండి.

ట్రైనర్ మేడమ్:
పనులు శిక్షణలో నేర్పుతారు, కానీ లెక్కా రాతా ముందే ఉండాలి. చివరి నెలసరి మొదటి రోజుకు 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ: జనవరి 10 అయితే అక్టోబరు 17. ఆసుపత్రి కాన్పయితే బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి చూడాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా.
ఎక్కువమంది తప్పేది శ్వాస లెక్కలో. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తారు. పసికందు శ్వాస కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ఆ లెక్క నిలవదు. ఏడవని, పాలు తాగని సమయంలో నిండు నిమిషం లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకు మించి వస్తే మళ్లీ లెక్కించాలి. రెండోసారీ అంతే వస్తే ఆసుపత్రికి పంపాల్సిందే.

పల్లెకోడలు:
ఫోన్లో నాకు వాట్సాప్ తప్ప రాదు మేడమ్.

ట్రైనర్ మేడమ్:
తెలుగు టైపింగ్ నేర్చుకోండి, మిగతాది వచ్చేస్తుంది. ఫోన్లో ఎక్కించాల్సిన వివరాలు సిగ్నల్ లేకపోయినా పోకుండా ముందు రిజిస్టర్‌లో రాయండి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పును స్కోరుతో అంచనా వేయడానికి నింపే సీబ్యాక్ ఫారంలో నడుము కొలత ఉంటుంది. చీర కుచ్చిళ్ల మీదుగా టేపు వేస్తే కొలత పెరిగి స్కోరు మారిపోతుంది.

ఏఎన్ఎం అక్క:
ఇళ్లవాళ్ల గుట్టు కాపాడతారా అన్నదీ ఎంపికలో చూస్తారు. "పెళ్లికాని అమ్మాయి గర్భవతి అని తెలిస్తే ఏం చేస్తారు?" అని అడగొచ్చు. వాళ్ల అమ్మకు చెప్తాననకండి. ముందు ఆ అమ్మాయితోనే ఒంటరిగా మాట్లాడి, ఏఎన్ఎంకో డాక్టరుకో చూపిస్తాననండి.