పిచ్ గీతలు సరిగ్గా గీసేదెట్ల? రనౌట్, నోబాల్ గొడవలు తెగడం లేదు

గరుసునేల_ఓపెనర్ (అనంతపురం)
అన్నలూ, సంక్రాంతికి హైస్కూల్ గ్రౌండులో టెన్నిస్ బాల్ టోర్నమెంటు పెడుతున్నాం. నేల ఎర్ర గరుసు, గడ్డి పరక లేదు. ఇక్కడ అలవాటు ఏమంటే, 22 అంగలు వేసి పిచ్ అనడం, ముగ్గుపిండి చల్లి గీత అనడం. రెండో మ్యాచ్‌కే గీత చెదిరిపోతాది. ఇంక బ్యాటు గీత మీదుందా, లోపలుందా అని రచ్చ. అసలు కొలతలేంటి, ముందు ఏది గీయాల, గీత నిలవాలంటే ఏం కలపాల? వైడ్ గీత, ఫీల్డర్ల సర్కిల్ గురించి కూడా చెప్పండి.

కడప_స్క్వేర్‌లెగ్
అంగలు మానేయండి ముందు. మామూలు నడకలో అంగ రెండున్నర అడుగులకు మించదు. 22 వేస్తే 55 అడుగులొస్తాయి, కావాల్సింది 66. పదకొండు అడుగులు తగ్గితే టెన్నిస్ బాల్‌కు కూడా బ్యాట్స్‌మన్ చచ్చిపోతాడు.

రెండు మిడిల్ స్టంప్స్ మధ్య 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. స్టీల్ టేపుతోనే కొలవండి. నైలాన్ తాడు లాగితే సాగుతుంది, అందుకే ఒక్కోసారి ఒక్కో కొలత వస్తుంది.

మొదట రెండు మేకులు కొట్టి నడుమ దారం బిగించండి. అది పిచ్‌కు వెన్నెముక, మిగతావన్నీ దాని నుంచే కొలవాలి. స్టంప్స్ గీత దానికి అడ్డంగా, మిడిల్ స్టంప్ నుంచి అటు 4 అడుగుల 4 అంగుళాలు, ఇటు 4 అడుగుల 4 అంగుళాలు. మూల సరిగ్గా రావాలంటే మిడిల్ స్టంప్ నుంచి అడ్డగీత మీద 3 అడుగులు, నడుమ దారం మీద 4 అడుగులు గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు రావాలి. రాలేదంటే అడ్డగీత వంకర.

స్టంప్స్ గీతకు 4 అడుగుల ముందు పాపింగ్ క్రీజ్, అంటే రనౌట్ లెక్క చూసే గీత. స్టంప్స్ గీత రెండు చివర్ల మీదుగా, పాపింగ్ క్రీజ్ దగ్గర మొదలై వెనక్కి కనీసం 8 అడుగులు పోయేవి రిటర్న్ క్రీజులు. అటు ఎండ్ కూడా గీశాక, రెండు స్టంప్స్ గీతల నాలుగు చివర్ల మధ్య రెండు ఐమూలలు కొలవండి. రెండూ 20.29 మీటర్లు ఉండాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే పిచ్ పక్కకు జరిగినట్టే, చెరిపి మళ్ళీ గీయండి.

కర్నూలు_అంపైర్
కొలతలు సరే. గొడవంతా గీత మందంలో ఉంది తమ్ముడూ. మూడంగుళాల పట్టీ గీస్తారు, అందులో ఏ అంచు లెక్క అనేది ఎవరికీ తెలియదు. లెక్కలోకొచ్చేది స్టంప్స్ వైపు అంచు. 4 అడుగులు అక్కడికే కొలవాలి, మందం పిచ్ నడిమి వైపుకు పోవాలి.

కాబట్టి బ్యాటు గీత మీదుంటే అవుటే. గీత దాటి స్టంప్స్ వైపు నేలకు తగలాలి. అయితే 2017 నుంచి ఒక వెసులుబాటు ఉంది: పరుగెత్తుతూనో డైవ్ చేస్తూనో ఒకసారి లోపల తాకించాక, అదే ఊపులో బ్యాటో కాలో గాల్లోకి లేస్తే అవుట్ కాదు.

బౌలర్‌కు మాత్రం ముందు కాలు దిగేటప్పుడు కొంత భాగమైనా ఆ అంచుకు వెనక ఉంటే చాలు, మడమ గాల్లో ఉన్నా పరవాలేదు. వెనక కాలు రిటర్న్ క్రీజును తాకకూడదు. దాని లెక్క లోపలి అంచు, మందం బయటికి పోనివ్వండి.

ఇంకొకటి. పాపింగ్ క్రీజ్ నిబంధన ప్రకారం అటూ ఇటూ ఆరేసి అడుగులు గీస్తే చాలు, కానీ దానికి హద్దు లేదనే లెక్క. రన్నర్లు పిచ్ పక్కగా దూరంగా పరుగెత్తుతారు కాబట్టి మీరు పన్నెండేసి అడుగులు లాగండి. సగం వాదనలు అక్కడే పోతాయి.

నల్లరేగడి_కీపర్ (నంద్యాల రోడ్)
ముగ్గుపిండి పొడిగా చల్లితే మీ అనంతపురం గాలికి ఎంతసేపు నిలుస్తాది! నీళ్ళలో పలచని దోశపిండిలా కలిపి, కొంచెం ఫెవికాల్ పోసి, రెండు చెక్కల మధ్య బ్రష్‌తో గీయండి. సున్నం వాడేటట్లయితే ముందురోజే నానబెట్టి చల్లారనివ్వాల. వేడి సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, చిన్నపిల్లోళ్ళ చేతికివ్వద్దు. గీసేముందు దుమ్ము చిమ్మి, నేల కొంచెం తడపండి, లేకుంటే పెచ్చులుగా లేస్తాది.

స్టంప్స్ గుంటలకు ముందురాత్రి నీళ్ళు పోసి, పొద్దున గడ్డపారతో మిడిల్‌ది మొదట దించండి. మూడూ కలిపి వెడల్పు 9 అంగుళాలు, ఎత్తు 28. గుంట పెద్దదైతే స్టంప్ ఊగుతాది, గాలికే బెయిల్స్ పడతాయి.

గరుసునేల_ఓపెనర్ (అనంతపురం)
చాలా థ్యాంక్స్ అన్నా. వైడ్, సర్కిల్ మిగిలినాయి. పిచ్ తూర్పు పడమరల్లో వేద్దామనుకున్నాం, ఏమన్నా ఇబ్బందా?

కడప_స్క్వేర్‌లెగ్
ఇబ్బందే. సాయంత్రం మ్యాచ్‌ల్లో పడమటి ఎండ నేరుగా బ్యాట్స్‌మన్ కళ్ళలో పడుతుంది. ఉత్తర దక్షిణాలకు తిప్పండి. గోడ అడ్డమొస్తే బౌండరీ తగ్గించుకోండి, దిక్కు మాత్రం మార్చొద్దు.

వైడ్ గీత రిటర్న్ క్రీజ్‌కు 17 అంగుళాలు లోపల, అంటే మిడిల్ స్టంప్ నుంచి 35 అంగుళాలు. ఎడమచేతి వాళ్ళుంటారు కనుక రెండు వైపులా గీయండి. సర్కిల్‌ను పిచ్ మధ్యలో నిలబడి గీస్తారు చాలామంది, అది తప్పు. ప్రతి ఎండ్‌లో మిడిల్ స్టంప్ నుంచి 30 గజాలతో అర్ధవృత్తం, రెండింటినీ కలుపుతూ పక్కల నేరుగీతలు. గీత అంతా అక్కర్లేదు, అయిదు గజాలకొక తెల్లచుక్క పెడితే సరిపోతుంది.

కర్నూలు_అంపైర్
గీత అంచు రూలు టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లకూ క్రీజ్ దగ్గరే చూపించండి. ఇన్నింగ్స్ మధ్య విరామంలో క్రీజులు మళ్ళీ పూయడానికి ఒక మనిషిని పెట్టుకోండి. బౌలర్ కాలు పడేచోటే మొదట చెరుగుతుంది.