నీళ్లు, మంచు, ఆవిరి: త్రిత్వానికి ఈ ఉదాహరణ సరిపోతుందా? వాదాలు ఎక్కడ విడిపోతాయి?

యూత్‌క్లాస్ (ప్రశ్న):

అందరికీ వందనాలు. యౌవనస్థుల బైబిలు స్టడీలో త్రిత్వం మీద ఒక గంట పాఠం చెప్పాలి. వచ్చేవాళ్లలో కొందరి ఇళ్లకు యెహోవాసాక్షులు వస్తుంటారు. ఇంకొందరి బంధువులు యేసు నామ బాప్తిస్మ సంఘాల్లో ఉన్నారు. అందుకని పైపైన చెప్పి వదిలేస్తే కుదరదు. నా సందేహాలివి.

1. నీళ్లు, మంచు, ఆవిరి ఉదాహరణ వాడొద్దని కొందరు పాస్టర్లు అంటున్నారు. ఎందుకు?
2. "త్రిత్వం అనే మాటే బైబిల్లో లేదు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి పెట్టించాడు" అంటే ఏం చెప్పాలి?
3. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లో 1 యోహాను 5:7లో "తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురు ఒక్కటే" అని ఉంది. మన తెలుగు బైబిల్లో అది లేదు. ఎవరైనా తీసేశారా?

ఏ వచనాలు గట్టిగా నిలబడతాయో, ఏవి పట్టుకుంటే మనమే ఇరుక్కుంటామో కూడా చెప్పండి.

మూలభాష:

ముందు బోర్డు మీద ఒక త్రిభుజం గీయండి. మూడు మూలల్లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని రాయండి. మధ్యలో దేవుడు అని రాయండి. మూలల నుంచి మధ్యకు వచ్చే మూడు గీతల మీద "అయి ఉన్నాడు" అనీ, మూలకూ మూలకూ మధ్య ఉన్న మూడు గీతల మీద "కాడు" అనీ రాయండి. మొత్తం ఆరు వాక్యాలు. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, ఆత్మ దేవుడు. తండ్రి కుమారుడు కాడు, కుమారుడు ఆత్మ కాడు, ఆత్మ తండ్రి కాడు. మధ్యలో ఉన్న దేవుడు ఒక్కడే.

ఇప్పుడు డస్టర్ తీసుకోండి. బయటి మూడు "కాడు" గీతలు చెరిపేస్తే మూడో శతాబ్దపు సబెల్లియస్ వాదం మిగులుతుంది: ఒకే దేవుడు మూడు వేషాల్లో కనిపించాడని. లోపలి గీతల్లో కుమారుడిదీ ఆత్మదీ చెరిపితే అరియస్ దారి: తండ్రి ఒక్కడే నిజ దేవుడు, కుమారుడు సృష్టిలో మొదటివాడు. మధ్యలో ఉన్న "ఒక్కడే" చెరిపితే ముగ్గురు దేవుళ్లు. పిల్లలు ఏ వాదం విన్నా "ఇది ఏ గీత చెరుపుతోంది?" అని అడగడం నేర్చుకుంటే సగం పాఠం అయిపోయినట్టే.

నీళ్ల ఉదాహరణ ఎక్కడ తప్పుతుందో దీంట్లోనే తెలుస్తుంది. ఒకే గ్లాసు నీళ్లు ముందు మంచు, తర్వాత నీళ్లు, ఆ తర్వాత ఆవిరి. ఆవిరి అయ్యాక మంచు లేదు. మరి యొర్దానులో కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకు వస్తున్నాడు, ఆత్మ పావురమువలె దిగుతున్నాడు, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపిస్తోంది (మత్తయి 3:16-17). మంచు ఆవిరితో మాట్లాడదు కదా. "ఒకే మనిషి ఇంట్లో తండ్రి, ఆఫీసులో ఉద్యోగి, అమ్మకు కొడుకు" అనే ఉదాహరణదీ ఇదే జబ్బు. గుడ్డు ఉదాహరణ ఇంకో వైపు చెడుతుంది: పెంకు ఒక్కటే గుడ్డు కాదు, అది గుడ్డులో ఒక భాగం. కుమారుడు దేవుడిలో మూడో వంతు అని ఎవరూ ఒప్పుకోరు.

మన భాషతో వచ్చే చిక్కు ఇంకొకటి ఉంది. "ముగ్గురు వ్యక్తులు" అనగానే తెలుగు చెవికి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. గ్రీకులో ఆ చోట వాడేది హూపోస్టాసిస్. హెబ్రీయులకు 1:3 తీయండి: "ఆయన తత్వముయొక్క మూర్తిమంతము". అక్కడ "తత్వము" అని అనువదించినది ఈ హూపోస్టాసిస్‌నే! అంటే పాఠంలో "వ్యక్తి" అని చెబుతున్న మాట మన బైబిల్లో "తత్వము"గా కనిపిస్తుంది. అనువాదం తప్పని కాదు. ఆ మాట అర్థమే మారుతూ వచ్చింది. 325లో నీకయ సభ (చక్రవర్తి పిలిపించిన బిషప్పుల సభ) ఊసియా (సారం), హూపోస్టాసిస్ రెంటినీ దాదాపు ఒకే అర్థంలో వాడింది. తర్వాత కప్పదొకియ బిషప్పులు బాసిలు, ఇద్దరు గ్రెగొరీలు "ఒక ఊసియా, మూడు హూపోస్టాసిస్‌లు" అని విడదీశారు. మధ్యలో ఉన్న యాభై ఏళ్ల గొడవలో సగం ఈ రెండు మాటల దగ్గరే. క్లాసులో అయితే "ఏమిటి?" (ఊసియా) అన్న ప్రశ్నకు జవాబు ఒకటి, "ఎవరు?" (హూపోస్టాసిస్) అన్న ప్రశ్నకు జవాబు ముగ్గురు అని చెప్పండి. తెలుగులో ఆ రెండు ప్రశ్నలూ ఎలాగూ వేరు కాబట్టి తొందరగా ఎక్కుతుంది.

"తండ్రి సృష్టించాడు, కుమారుడు రక్షించాడు, ఆత్మ నడిపిస్తాడు" అని పనులు పంచడం కూడా మానండి. త్రిమూర్తుల పోలిక అక్కడి నుంచే దూరుతుంది. సృష్టి ఒక్కటే తీసుకున్నా ఆదికాండము 1:2లో ఆత్మ ఉన్నాడు, యోహాను 1:3లో వాక్యం ఉంది.

సంఘచరిత్ర:

రెండో ప్రశ్నకు. మాట బైబిల్లో లేదన్నది నిజం, ఒప్పేసుకోండి. కానీ కాన్‌స్టంటైన్ పుట్టకముందే అది వాడుకలో ఉంది. అంతియొకయకు చెందిన థియోఫిలస్ 180 ప్రాంతంలో "ట్రియాస్" అన్నాడు (ఆయన చెప్పిన త్రయం దేవుడు, ఆయన వాక్యం, ఆయన జ్ఞానం; ఇప్పటి వాడుకకు అచ్చంగా సమానం కాదు). 213 ప్రాంతంలో, తండ్రీ కుమారుడూ ఒకరేనన్న ప్రాక్సియస్‌కు జవాబు రాస్తూ టెర్టుల్లియన్ "ట్రినిటాస్" అనే లాటిన్ మాట వాడాడు.

నీకయ సభ తేల్చింది త్రిత్వమంతటినీ కాదు, కుమారుడి సంగతి మాత్రమే. తండ్రితో "ఏకతత్వముగలవాడు", గ్రీకులో హొమోఊసియోస్. 325 నాటి విశ్వాస ప్రమాణంలో ఆత్మ గురించి ఉన్నది "పరిశుద్ధాత్మయందును" అన్న ముక్క ఒక్కటే. ఆత్మ గురించిన వివరం 381 కాన్‌స్టాంటినోపుల్ సభతో ముడిపడిన పాఠంలో వచ్చింది. ఇప్పుడు చర్చిల్లో నీకయ ప్రమాణం అని చదివేది ఆ రెండో పాఠమే.

చక్రవర్తి పెట్టించాడు అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. అదే కాన్‌స్టంటైన్ తర్వాత అరియస్‌ను వెనక్కి పిలిపించాడు, 335లో నీకయ పక్షం వహించిన అలెగ్జాండ్రియ బిషప్పు అతనాసియస్‌ను ప్రవాసం పంపాడు, 337లో మరణశయ్య మీద అరియస్ పక్షం వహించిన నికొమేదియ బిషప్పు యుసేబియస్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. కొడుకు కాన్‌స్టాంటియస్ ఇంకా ముందుకెళ్లి, 360 నాటికి "ఊసియా" అనే మాటే వాడొద్దనే ప్రమాణాన్ని రుద్దాడు. రాజాజ్ఞే ఆధారమైతే నీకయ సిద్ధాంతం అప్పుడే పోవాలి. అయితే రెండో వైపు కూడా చెప్పాలి: 380లో థియొడోసియస్ శాసనం నీకయ పక్షాన్ని రాజ్యమతం చేసింది. అధికారం రెండు వైపులా పనిచేసింది.

మూడో ప్రశ్న. తెలుగులో తీసేసింది ఏమీ లేదు, ఇంగ్లీషులోకి వచ్చి చేరింది. ఆ ముక్క లాటిన్ ప్రతుల్లో పెరిగింది; పాత గ్రీకు ప్రతుల్లో లేదు. ఎరాస్మస్ 1516, 1519 గ్రీకు ముద్రణల్లో దాన్ని వేయలేదు. గొడవ చేశారు. ఆ ముక్క ఉన్న గ్రీకు ప్రతి ఒకటి బయటికి వచ్చాక 1522 ముద్రణలో చేర్చాడు. అక్కడి నుంచి 1611 కింగ్ జేమ్స్‌కు వెళ్లింది. మన బైబిల్లో ఉన్న "ఆత్మయు, నీళ్లును, రక్తమును" అన్నదే పాత పాఠం. నాలుగో శతాబ్దంలో అరియస్ పక్షంతో అంత పోరాటం జరిగితే గ్రీకు సంఘపితరులెవరూ ఈ వచనం ఎత్తలేదంటే, వాళ్ల బైబిల్లో అది లేదనే కదా. పాఠంలో దీన్ని వాడకండి. ఎదుటివాళ్లు మొదట పట్టుకునేది ఇదే.

అపొ_2_38:

నేను ఏకత్వం నమ్మే పక్షం, అంటే మీరు చెప్పిన యేసు నామ బాప్తిస్మ సంఘాలవైపు. పైన చెప్పినవాటిలో రెండు సవరణలు.

మమ్మల్ని సబెల్లియస్‌లో కలిపేయడం సరికాదు. ముందు తండ్రిగా, తర్వాత కుమారుడిగా, తర్వాత ఆత్మగా దేవుడు వేషం మార్చాడని మేము అనం. ఒకే దేవుడు ఏకకాలంలో ఆత్మగా అంతటా ఉంటూ, యేసు శరీరంలో పూర్తిగా నివసించాడంటాం. కుమారుడు అన్నది ఆ మానవత్వానికి పేరు. అందుకే యొర్దాను మాకు ఇబ్బంది కాదు. మా ఆధారాలు కొలొస్సయులకు 2:9 ("దేవత్వముయొక్క సర్వపరిపూర్ణత"), యెషయా 9:6లోని "నిత్యుడగు తండ్రి", యోహాను 14:9. గెత్సేమనేలో ప్రార్థించింది మానవ చిత్తం.

బాప్తిస్మం సంగతి. మత్తయి 28:19లో "నామములోనికి" అని ఏకవచనం ఉంది, "నామములలోనికి" అని లేదు. ఆ నామం ఏదో అపొస్తలులు చేసి చూపించారు: అపొస్తలుల కార్యములు 2:38, 8:16, 10:48, 19:5. అమెరికాలో 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర జరిగిన కూడికలో ఈ వాదన మొదలై, 1914 ఏప్రిల్‌లో ఫ్రాంక్ ఇవార్ట్, గ్లెన్ కుక్ ఒకరికొకరు మళ్లీ బాప్తిస్మం ఇచ్చుకున్నారు. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వం మీద తీర్మానం చేస్తే నూట యాభైకి పైగా బోధకులు బయటికి వచ్చారు. పిల్లలకు ఈ చరిత్ర కూడా చెప్పండి, లేదంటే మేము నిన్న పుట్టిన తప్పుడు బోధ అనుకుంటారు.

మూలభాష:

సవరణ ఒప్పుకుంటున్నాను, వరుసగా వేషాలు అన్నది మీ వాదం కాదు. కానీ "కాడు" గీత మీ దగ్గర తండ్రికీ కుమారుడికీ మధ్య నుంచి దైవత్వానికీ మానవత్వానికీ మధ్యకు జరిగింది. దానికి అసలు పరీక్ష యోహాను 17:5: "లోకము పుట్టకమునుపు నీయొద్ద నాకు ఏ మహిమ యుండెనో". లోకం పుట్టకముందు శరీరం లేదు. మరి "నీయొద్ద" ఉన్నది ఎవరు? దేవుని సంకల్పంలో ఉన్నాడని మీవాళ్లు 1 పేతురు 1:20 చూపిస్తారు. అక్కడ "నియమింపబడెను" అన్న మాట ఉంది, నిజమే. 17:5లో ఆ మాట లేదు.

యోహాను 10:30లో మన తెలుగు బాగా పనిచేసింది. "నేనును తండ్రియును ఏకమై యున్నాము." గ్రీకులో "ఒకటి" అన్నది నపుంసక లింగం, "ఒకడు" కాదు; క్రియ బహువచనం. టెర్టుల్లియన్ ప్రాక్సియస్ మీద పట్టుకున్న పాయింటు ఇదే. అయితే తత్వం ఒకటని నిరూపించడానికి ఈ వచనం ఒక్కటే చాలదు, ఎందుకంటే 17:22లో శిష్యుల గురించీ అదే "ఏకమై" ఉంది.

ఇక కార్యముల్లోని నాలుగు చోట్లా "నామము" ముందున్న గ్రీకు ప్రిపొజిషన్ (మన "లో", "మీద" లాంటి మాట) ఒకేలా లేదు. 2:38లో ఒకటి, 10:48లో ఇంకొకటి, 8:16, 19:5లో మూడోది. నోటితో పలికే సూత్రం అయితే ఇలా మారదు. డిడాఖే అనే తొలి క్రైస్తవుల బోధనా పుస్తకంలో 7వ అధ్యాయం తండ్రి, కుమారుడు, ఆత్మ అంటుంది, 9వ అధ్యాయం అదే బాప్తిస్మాన్ని "ప్రభువు నామములోనికి" అంటుంది. ఒకే పుస్తకంలో రెండూ పక్కపక్కన ఉన్నాయి.

యూత్‌క్లాస్:

చాలా మేలు. యెహోవాసాక్షుల వైపు వచనాలు ఎవరూ ముట్టుకోలేదు. "హెబ్రీలో దేవుడు అన్న మాట ఏలోహీం బహువచనం", "ఒకటి అన్న హెబ్రీ మాట ఎఖాద్ అంటే కలిసి ఒకటి" అన్నవి వాళ్లకు చెప్పవచ్చా?

పాఠభేదం:

ఆ రెండూ వద్దు. ఏలోహీం ఫిలిష్తీయుల దేవుడు ఒక్క దాగోనుకూ వాడారు (1 సమూయేలు 5:7). ఆదికాండము 1:1లో క్రియ ఏకవచనమే. గౌరవానికి బహువచనం వాడే తెలుగువాళ్లకు ఇది వింత కాకూడదు: "తాతగారు వచ్చారు" అంటే ఇద్దరు తాతలు రాలేదు. ఎఖాద్ అన్నది మామూలు "ఒకటి" అన్న అంకె. ద్వితీయోపదేశకాండము 6:4లో "అద్వితీయుడగు యెహోవా", యోహాను 1:18లో "అద్వితీయ కుమారుడు" చూసి రెండూ ఒకే మాట అని లంకె వేసేవాళ్లు కూడా ఉంటారు. మొదటిది ఎఖాద్, రెండోది గ్రీకు మొనొగెనేస్. మాట కలిసింది తెలుగులోనే.

వాళ్లు తెరిచేవి సామెతలు 8:22, కొలొస్సయులకు 1:15, యోహాను 14:28. సామెతల్లో మన బైబిలు "యెహోవా నన్ను కలుగజేసెను" అంటుంది కాబట్టి తెలుగులో వాళ్లకు సులువు. హెబ్రీ కానా అంటే సంపాదించు, కలిగియుండు అని కూడా అర్థం. గ్రీకు పాత నిబంధన "సృజించెను" అని పెట్టింది, అరియస్ పక్షం అదే పట్టుకుంది. "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అన్న తర్వాతి వచనమే "సర్వమును ఆయనయందు సృజింపబడెను" అంటుంది. వాళ్ల ఇంగ్లీషు అనువాదం అక్కడ "ఇతర" అన్న మాట చేర్చి "ఇతరమైన సర్వమును" అన్నట్టు చేసింది. 1984 ముద్రణలో అది బ్రాకెట్లలో ఉండేది, 2013 సవరణలో బ్రాకెట్లు పోయాయి. గ్రీకులో ఆ మాట లేదు, సందర్భాన్ని బట్టి వస్తుందన్నది వాళ్ల సమర్థన.

యోహాను 1:1లో "ఒక దేవుడు" అనేది గ్రీకు ఆర్టికల్ (ఇంగ్లీషు "the" లాంటి మాట) మీద నడిచే వాదన. తెలుగులో ఆర్టికలే లేదు, కాబట్టి తెలుగు వచనం పట్టుకుని వాదించి లాభం లేదు. 1:6, 1:12, 1:13లో కూడా దేవుడు అన్న మాటకు ఆర్టికల్ లేదు. అక్కడ వాళ్లూ "ఒక" పెట్టలేదు. అది చూపించి ఆపేయండి.

ఆత్మ శక్తా, వ్యక్తా అన్నచోట "సాక్ష్యమిచ్చుచున్నాడు" అని రోమా 8:16లో ఉంది కదా అనకండి. ఆ "డు" అనువాదకుల నిర్ణయం. గ్రీకులో ఆత్మ నపుంసక లింగం. గట్టివి అపొస్తలుల కార్యములు 5:3-4 (పరిశుద్ధాత్మతో అబద్ధమాడితే దేవునితో ఆడినట్టే), 1 కొరింథీయులకు 12:11 ("తన చిత్తము చొప్పున"), ఎఫెసీయులకు 4:30. సామెతల్లో జ్ఞానం మాట్లాడినట్టే ఇదీ అలంకారం అంటారు వాళ్లు. ఆ మాట పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

పితపుత్ర:

కతోలికుల నుంచి ఒక్క సంగతి, బాప్తిస్మం ప్రస్తావన వచ్చింది కాబట్టి. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో నీళ్లతో, "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున" ఇచ్చిన బాప్తిస్మాన్ని మేము మళ్లీ ఇవ్వం. యేసు నామంలో మాత్రమే ఇస్తే చెల్లదంటాం. "సృష్టికర్త, విమోచకుడు, పవిత్రపరచువాడు" అని పలికితే చెల్లదని 2008లో, "నేను" బదులు "మేము నీకు బాప్తిస్మమిస్తున్నాం" అంటే చెల్లదని 2020లో రోమ్ తేల్చింది. మోర్మోన్ల బాప్తిస్మంలో మాటలు దాదాపు మావే, అయినా 2001లో చెల్లదన్నారు: ఆ మూడు పేర్లతో వాళ్లు ఉద్దేశించేది వేరు కాబట్టి. మాట సరిపోతే చాలా, అర్థం కూడా సరిపోవాలా అన్న మీ చర్చకు ఈ కేసు బాగా పనికొస్తుంది.

"కుమారుని నుండియు" బయలుదేరు ఆత్మ అన్న తూర్పు, పడమర తగువు జోలికి గంట పాఠంలో వెళ్లకండి. ఎవరైనా యోహాను 15:26 ఎత్తి అడిగితే, అక్కడ "తండ్రియొద్దనుండి" అని మాత్రమే ఉందనీ, రోమ్‌లో ఆ చేర్పు ప్రమాణంలోకి ఎక్కింది 1014లో అనీ చెప్పి తర్వాతి వారానికి పెట్టుకోండి.