బయోస్‌లో 2 జీబీ ఇచ్చినా గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, 4 చేయాలా?

కాకినాడ_కుర్రాడు: ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ, గ్రాఫిక్స్ దాంట్లోనే ఉంది, 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, కొనే డబ్బూ లేదు. వీడియో చూసి బయోస్‌లో, అంటే విండోస్ మొదలయ్యే ముందు వచ్చే సెట్టింగుల్లో, గ్రాఫిక్స్ మెమరీ 512 ఎంబీ నుంచి 2 జీబీ చేశాను. గేమ్ బాగుపడలేదు సరికదా, పక్కన బ్రౌజర్ తెరిస్తే అంతా బిగుసుకుపోతోంది.

స్క్రూడ్రైవర్: 4 చెయ్యి తమ్ముడూ. అది ఎంత ఎక్కువుంటే గేమ్ అంత సాఫీ. పన్నెండేళ్లుగా కంప్యూటర్లు బిగిస్తున్నాను.

జంట_ఎద్దులు: చేయకు. ఆ 2 జీబీ ఆకాశం నుంచి ఊడిపడలేదు, నీ 8లోంచే కోసి పక్కన పెట్టారు. విండోస్‌కి మిగిలింది 6. ఇంకా కోస్తే 4. పక్కన పెట్టకపోయినా, కావాల్సినప్పుడు విండోస్ తన ర్యామ్‌లో సగం దాకా గ్రాఫిక్స్‌ని వాడుకోనిస్తుంది. ఆటోలో పెట్టెయ్. అసలు చూడాల్సింది మెమరీ ఎంత వేగంగా అందుతోందని. 3200 వేగం ఉన్న డీడీఆర్4 ర్యామ్ స్టిక్ ఒక్కటైతే సెకనుకు 25.6 జీబీ, రెండైతే 51.2. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఆ ఒక్క సందులోనే తోసుకుంటున్నాయి. ఇంకో 8 కొను.

స్క్రూడ్రైవర్: కొన్ని గేములు మెమరీ చాలదని అసలు మొదలే కావు. అప్పుడో?

జంట_ఎద్దులు: అతని గేమ్ మొదలవుతోంది కదండీ.

స్క్రూడ్రైవర్: నేనడిగింది మొదలవ్వని గేముల గురించి.

ఉప్పుచేప: టాస్క్ మేనేజర్‌లో మెమరీ స్పీడ్ ఎంత చూపిస్తోంది?

కాకినాడ_కుర్రాడు: 2400 అన్నా.

ఉప్పుచేప: స్టిక్ మీద 3200 అని ఉంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్, ర్యామ్ ఆ వేగంతో నడుస్తుంది. రూపాయి ఖర్చు లేదు. గేమ్ రిజల్యూషన్‌ని 720పీకి దించు.

జంట_ఎద్దులు: మా చెల్లి లాప్‌టాప్ ఐ5, 11వ తరం. డబ్బా మీద ఐరిస్ ఎక్స్‌ఈ అని ఉంది, అది ఇంటెల్ మెరుగైన గ్రాఫిక్స్ పేరు. లోపల ఒకే స్టిక్ ఉంది కాబట్టి డివైస్ మేనేజర్‌లో వట్టి యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని చూపించింది. రెండోది పెట్టాక పేరే మారింది! అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పలేదు. ఏడాది పాటు పిల్ల తన తప్పే అనుకుంది.

స్క్రూడ్రైవర్: ఇక్కడ అడిగింది డెస్క్‌టాప్ గురించి. 'అమ్మినవాడు' అంటూ ఎవర్ని అంటున్నావో తెలుస్తూనే ఉందిలే. అవును, నేనూ ఒకే స్టిక్ పెడతాను. రెండే స్లాట్లున్న బోర్డులో రెండు 4లు దూరిస్తే, రేపు పెంచాలంటే రెండూ పీకి పారేయాలి. కస్టమర్ డబ్బు మిగిల్చడం కూడా తప్పేనా?

జంట_ఎద్దులు: ఒకటి పెట్టడం తప్పనలేదు. రెండోది పడితే తప్ప గ్రాఫిక్స్ పూర్తిగా పనిచేయదని బిల్లు రాసేటప్పుడు చెప్తావా, చెప్పవా?

స్క్రూడ్రైవర్: చెప్తే పక్క షాపుకి పోతారు.

మధ్యబెంచీ: ఇంతసేపూ నలిగింది ఇదా!

స్క్రూడ్రైవర్: నువ్వు అద్దె కట్టు, అప్పుడు నవ్వు.

కాకినాడ_కుర్రాడు: అన్నలూ, ఆటో పెట్టాను, ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. 3200 చూపిస్తోంది. 720పీలో, బ్రౌజర్ మూసేస్తే పర్లేదు. రెండో స్టిక్ వేరే కంపెనీది పెట్టొచ్చా?

స్క్రూడ్రైవర్: అదే కంపెనీది దొరికితే మేలు. లేకపోతే 8 జీబీ, 3200 చూసి తీసుకో, మామూలుగా నడిచిపోతుంది. బిగించే ముందు ప్లగ్ పీకు. నా దగ్గరే కొనక్కర్లేదు.