టియారాని కిరీటం అనొచ్చా?

పోస్టు

రాణీల నగల మీద ఒక చిన్న వ్యాసం రాస్తున్నాను. 1947లో బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ పెళ్లికి మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక పంపాడు. ఏం కావాలో ఆమెనే ఎంచుకోనివ్వమని లండన్‌లోని కార్టియర్ నగల దుకాణం వాళ్లకి చెప్పాడు. ఆమె ఒక వజ్రాల హారం, పూల పనితనమున్న ఒక టియారా (ఆడవాళ్లు తలమీద పెట్టుకునే నగ) తీసుకుంది. రాణి అయ్యాక, 1973లో, ఆ టియారాని విడగొట్టించి ఆ వజ్రాలతో గరార్డ్ అనే నగల సంస్థ వాళ్లచేత వేరేది చేయించుకుంది. దీన్ని నేను "1973లో రాణి నిజాం కిరీటాన్ని విడగొట్టించింది" అని రాశాను. మా తమ్ముడు చదివి, "నిజాం రాజ్యం 1948లోనే పోయింది కదా, ఇంకా కిరీటం ఏంటి?" అన్నాడు. టియారాకి తెలుగులో సరైన మాట ఉందా? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "వంశపారంపర్య ఆభరణాలు" అని రాస్తుంటే కోర్టు కాగితం చదువుతున్నట్టుంది.

వ్యాఖ్య

మీ తమ్ముడి సందేహం న్యాయమైనదేనండీ. "నిజాం కిరీటం" అంటే నిజాం తలమీద ఉన్నది అనే ఎవరైనా అనుకుంటారు. "విడగొట్టించింది" అనేసరికి ఏదో రాజ్యాన్ని కూలదోసినట్టు కూడా ఉంది. జరిగిందల్లా పాత నగ చెరిపి కొత్త నగ చేయించుకోవడం.

కిరీటానికీ టియారాకీ అక్కడ చాలా తేడా ఉంది. పట్టాభిషేకంలో పెట్టే సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం 1661 నాటిది, రెండు కిలోల పైన బరువు, తల చుట్టూ పూర్తిగా తిరిగి ఉంటుంది. రాజు దాన్ని అమ్మలేడు, కరిగించలేడు. టియారా చాలావరకు ముందువైపే ఉండే అరవంపు నగ. సాయంత్రం విందులకి ఆడవాళ్లు పెట్టుకుంటారు. పెళ్లికాని పిల్లలు పెట్టుకోకూడదని పాత ఆచారం, పెళ్లిరోజే మొదటిసారి. అది పెట్టుకున్నంత మాత్రాన ఏ అధికారమూ రాదు, రాజకుటుంబం కాని ప్రభువుల ఇళ్లలోనూ టియారాలున్నాయి. మన పేపర్లు మాత్రం విందు ఫోటో కింద "కిరీటం ధరించిన కేథరిన్" (యువరాజు విలియం భార్య) అని వేసేస్తాయి.

మీరడిగిన మాటకి రూపంలో బాగా దగ్గరగా వచ్చేది నా లెక్కన "పట్టం". వరాహమిహిరుడి బృహత్సంహిత అనే పాత సంస్కృత గ్రంథంలో పట్టాల లక్షణాలకి ఒక అధ్యాయమే ఉంది. రాజు పట్టం నడుమ 8 అంగుళాలు, రాణిది 7, యువరాజుది 6, సేనాపతిది 4. పక్కలకి వచ్చేసరికి వెడల్పు సగమవుతుంది. అంతా మేలిమి బంగారం. రాజుదానికి అయిదు శిఖలు, రాణిదానికి మూడు. నడుమ ఎత్తుగా, పక్కలకి సన్నబడుతూ, పైన మొనలతో ఉండే నగని ఊహించుకోండి. ఇప్పటి టియారాల బొమ్మ పక్కన పెడితే పెద్ద తేడా కనిపించదు. (ఈ అంగుళం వేలి వెడల్పండీ, టేపు మీది అంగుళం కాదు.)

గ్రీకుల దియాదేమా కూడా ఇలాంటిదే. ఆ మాటకి చుట్టూ కట్టేది అని అర్థం. మొదట అది ఒట్టి గుడ్డపట్టీ. అలెగ్జాండర్ తర్వాత అతని సేనానులు అది కట్టుకునే రాజులమని చాటుకున్నారు. మనమూ పట్టం "కడతాం" కానీ పెట్టం, గమనించారా? సంస్కృతంలోనూ పట్టమంటే మొదట గుడ్డపేలికే.

వ్యాఖ్య

అయితే "వజ్రాల పట్టం" అని రాసేయొచ్చుగా?

వ్యాఖ్య

రాస్తే మళ్లీ అదే తంటా. పట్టం ఇప్పుడు మనకి నగ కాదు, పదవి. ఓటర్లు పట్టం కడతారు, పట్టపురాణి అంటాం. "కేథరిన్ విందుకి పట్టం కట్టుకుని వచ్చింది" అంటే చదివేవాడు అత్తగారినీ మామగారినీ దింపేసిందనుకుంటాడు.

వ్యాఖ్య

నాకో అనుమానం. టియారా, తురాయి ఒకటే మాట కాదూ? వినడానికి అలాగే ఉన్నాయి. తురాయి కూడా తలమీద పెట్టే నగే.

వ్యాఖ్య

కాదు మాస్టారూ. టియారా గ్రీకుల రాతల్లోంచి లాటిన్ మీదుగా వచ్చింది. గ్రీకులు ఆ పేరుతో పిలిచింది పారశీకుల తలపాగాని. దాన్ని నిటారుగా పెట్టుకునే హక్కు పారశీక చక్రవర్తికి ఒక్కడికే. ఆడవాళ్ల నగకి ఆ పేరు స్థిరపడింది చాలా ఆలస్యంగా. మన తురాయి ఉర్దూ "తుర్రా", అంటే తలపాగాకి పెట్టే కుచ్చు. "కీర్తికిరీటంలో కలికితురాయి" అని రోజూ రాస్తారే, అందులో కలికి అందగత్తె కాదు, కల్కి అవతారం అసలే కాదు. కలగీ, తుర్రా అనే రెండు తలపాగా అలంకారాలు జంటగా వచ్చి చేరాయి. మరాఠీ వాళ్లకి కలగీ-తురా అనే జానపద పోటీ కూడా ఉంది. పైగా తురాయి మగవాళ్ల నగ, టియారాకి అది కుదరదు.

వ్యాఖ్య

"వంశపారంపర్య ఆభరణాలు" అన్న రెండో ప్రశ్నని అందరూ వదిలేశారు. నాకు అదే ఇష్టం, ఎందుకంటే ఈ నగల సంగతి చెప్పడానికి ఇంగ్లీషు కంటే మన ఇళ్లలోని మాటలే బాగా పనికొస్తాయి.

డయానానే తీసుకోండి. 1981లో పెళ్లిపీట మీద ఆమె పెట్టుకున్నది స్పెన్సర్ టియారా, అది పుట్టింటి నగ. ఆ తర్వాత తరచూ పెట్టుకున్న కేంబ్రిడ్జ్ లవర్స్ నాట్ టియారా అత్తింటి నగ. ఎలిజబెత్ నాయనమ్మ మేరీ రాణి తన అమ్మమ్మగారి టియారాని చూసి అలాంటిదే గరార్డ్‌తో చేయించుకుంది, వంపుల కింద ముత్యాలు వేలాడుతుంటాయి. ఎలిజబెత్ దాన్ని కోడలికి వాడుకోమని ఇచ్చింది, ఇచ్చేయలేదు. దానికి మనకి ఎంత చక్కని మాటుందో! ఎరువు సొమ్ము. 1996లో విడాకులయ్యాక అది అత్తగారి దగ్గరికే చేరింది. 2015 నుంచి కేథరిన్ తలమీద చూస్తున్నాం. దాని బరువుకి డయానాకి తలనొప్పి వచ్చేదని చెబుతారు. "ఎరువు సొమ్ము బరువు చేటు" అన్న సామెతకి ఇంత అక్షరాలా సరిపోయే ఉదాహరణ నేనింకోటి చూడలేదు.

స్పెయిన్‌లో అయితే వీటిని "హోయాస్ దె పసార్" అంటారు, చేతులు మారుతూ పోవాల్సిన నగలని. విక్టోరియా యుహేనియా రాణి తన నగల్లో కొన్నిటిని విడిగా ఎంచి, కొడుకుకీ అతని తర్వాత మనవడికీ వెళ్లాలని వీలునామా రాసింది. 1906లో పెళ్లికి ఆల్ఫోన్సో రాజు ఇచ్చిన లిల్లీపూల టియారా అందులో ముఖ్యమైనది. ఇంట్లో దాన్ని "లా బుయేనా" అనేవాళ్లు, అంటే "మంచిది". మన ఇళ్లలో పెళ్లిళ్లకి మాత్రమే తీసే పట్టుచీరని "మంచి చీర" అంటామే, అచ్చం అలా. నగ రాజు పేరున సాగుతుంది, పెట్టుకునేది మాత్రం కోడలు. ఇప్పుడు లెతీసియా రాణి.

డెన్మార్క్‌లో సోఫీ మగ్దలేన్ రాణి 1746లోనే తన నగలని ఒక మనిషికి కాకుండా సింహాసనానికి రాసేసింది. వాటిని రాణి మాత్రమే పెట్టుకోవాలి, దేశం దాటించకూడదు. కాబట్టి అన్నిటికీ "వంశపారంపర్యం" అని ఒకే ముద్ర వేయకండి. పుట్టింటిదా, అత్తింటిదా, ఎరువు సొమ్మా, రాజ్యానిదా, ఏదైతే అదే చెప్పండి. నిజాం ఇచ్చింది వీటిలో ఏదీ కాదు. పెళ్లి చదివింపు. అందుకే ఆమె దాన్ని తనకి నచ్చినట్టు విడగొట్టించుకోగలిగింది.

పోస్టు పెట్టినవారు

అందరికీ థాంక్స్ అండీ. ఇలా మార్చాను: "పెళ్లికి నిజాం చదివించిన టియారాని ఎలిజబెత్ 1973లో విడగొట్టించి, ఆ వజ్రాలకి బర్మా ప్రజలు అదే పెళ్లికి పంపిన 96 కెంపులు కలిపి కొత్త టియారా చేయించుకుంది."

వ్యాఖ్య

బాగుంది. 96 ఎందుకో కూడా ఒక ముక్క రాయండి. మనిషికి వచ్చే రోగాలు 96 అని బర్మా వాళ్ల లెక్క, ఒక్కో కెంపు ఒక్కో రోగం నుంచి కాపాడుతుందని నమ్మకం. ఇంకోటి, పాత టియారాలోని మూడు గులాబీలు బ్రోచ్‌లుగా ఊడొచ్చేవి, వాటిని విడగొట్టకుండా ఉంచేసుకుంది. హారాన్ని కూడా ఉంచేసుకుంది. 2014లో కేథరిన్ పెట్టుకుంది, అప్పుడదీ ఎరువు సొమ్మే.